బండి కబుర్లు – పాఠకుల ప్రశ్నలు, జవాబులు: పాత బండికి ముందు ఫోర్కులు

వానలు తగ్గాక ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో ఏటా ముందు ఫోర్కుల (ముందు చక్రాన్ని రెండు పక్కలా పట్టుకుని కుదుపు మింగే గొట్టాలు) గురించే ఎక్కువ ఉంటాయి. ఈసారి వచ్చినవి దాదాపు అన్నీ సరిహద్దు ఊళ్లవే. రాయగడ, గుణుపూర్, బరంపురం, జయపురం, అటు గోదావరి అవతల సిరోంచ. ఘాట్ రోడ్డు మలుపులూ, ఆరాక సిమెంటులా గట్టిపడే ఎర్రమట్టీ, కల్వర్టు దగ్గర తారు తెగిపోయి తేలిన రాళ్లూ, వీటన్నిటి దెబ్బా ముందు తగిలేది ఫోర్కులకే కాబట్టి ఈ నెల శీర్షిక మొత్తం వాటికే ఇచ్చేశాను.

ప్రశ్న: గురువుగారూ, నాది 1985 మోడల్ రాజ్‌దూత్ 350. ఎడమ వైపు ఫోర్క్ నుంచి ఆయిల్ కారుతోంది. ఏడాదిలో మూడుసార్లు ఆయిల్ సీల్ (ఆయిల్ బయటకు రాకుండా ఆపే రబ్బరు రింగు) మార్పించాను. నెల తిరగకుండానే మళ్లీ బాటమ్ (ఫోర్క్ పైపు లోపలకు జారే కింది గొట్టం) మీద ఆయిల్ జిడ్డు కనిపిస్తోంది. సీల్ నాసిరకం అంటాడు మా మెకానిక్. మంచి సీల్ ఎక్కడ దొరుకుతుందో చెప్పండి. – రాయగడ

జవాబు: మూడు సీళ్లూ నాసిరకం అయ్యే అవకాశం చాలా తక్కువ. తప్పు పైపుది అయ్యుంటుంది, సీల్ కొనే ముందు ఈ చిన్న పని చేయండి. ఫోర్క్ పైపును కిరోసిన్ గుడ్డతో శుభ్రంగా తుడిచి, బాటమ్ అంచు నుంచి పైకి ఒక జానెడు మేర చూపుడు వేలి గోరుతో నెమ్మదిగా గీయండి, పైపు చుట్టూ, నాలుగు వైపులా. గోరు ఎక్కడైనా టక్కుమని ఆగిందంటే అక్కడ తుప్పు గుంట ఉన్నట్టే. ఆ గుంట అంచు ఆకురాయిలా ఉంటుంది. ఫోర్క్ దిగి లేచిన ప్రతిసారీ సీల్ పెదవిని కొంచెం కొంచెం కోస్తుంది. మీరు పదో సీల్ వేసినా అది కోస్తూనే ఉంటుంది. టీ (హ్యాండిల్ దగ్గర రెండు పైపులనూ కలిపి పట్టే బ్రాకెట్) లోపల బిగిసి ఉండే పై భాగంలో తుప్పు ఉన్నా సీల్‌కు నష్టం లేదు, సీల్ తిరిగే మేర మాత్రం గోరు జారిపోవాలి.

మన ప్రాంతంలో ఇది ఎందుకు ఎక్కువంటే, వానలో తడిసిన ఎర్రమట్టి పైపు మీద పేరుకుని, బండి నాలుగు రోజులు కదలకుండా నిలబడితే ఆ మట్టి కింద తేమ అలాగే ఉండి క్రోమ్‌ను తినేస్తుంది. రబ్బరు బూట్లు వేశాం కదా అని ధీమాగా ఉండేవాళ్లకీ ఇదే జరుగుతుంది, చిరిగిన బూటులో నీళ్లు చేరాయంటే బయటకు పోయే దారి ఉండదు.

గుంటలు ఒకటి రెండే, సూది మొనంత ఉంటే, ఆ చోటు పెట్రోలుతో కడిగి ఆరబెట్టి, గట్టి ఎపాక్సీ నింపి, పూర్తిగా గట్టిపడ్డాక 1500 తర్వాత 2000 నంబర్ వాటర్ పేపర్‌తో తడిపి రుద్దండి, గోరు జారిపోయేదాకా. కొన్నేళ్లు నడుస్తుంది. గుంటలు వరసగా ఉంటే మాత్రం పైపును లేత్ పని చేసేవాళ్లకు ఇచ్చి హార్డ్ క్రోమ్ చేయించాల్సిందే. ఈ మాట గట్టిగా పట్టుకోండి, హార్డ్ క్రోమ్. సైలెన్సర్‌కీ బంపర్‌కీ వేసే మెరుపు క్రోమ్ వేరు, అది చాలా పలచటి పొర. హార్డ్ క్రోమ్ మందంగా వేసి, ఆ తర్వాత సైజుకు గ్రైండింగ్ చేస్తారు. పదేళ్ల కిందట నా ఎజ్డీ పైపులు విశాఖలో ఒక షాపుకు ఇచ్చి ఈ తేడా నోటితో చెప్పకపోవడం వల్ల మెరుపు క్రోమ్ వేసి ఇచ్చారు. రెండు నెలల్లో పొట్టులా లేచి, రెండు సీళ్లూ కోసుకుపోయి, ఒకరోజు ఆయిల్ బ్రేక్ డ్రమ్ము దాకా దిగింది. అప్పటి నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. పైపు పైచివర టీ లోపల ఉండే చోట అరుగుదల ఉండదు కదా, అక్కడ మైక్రోమీటర్‌తో కొలిపించి, ఆ అంకె చీటీ మీద రాసి, 'గ్రైండింగ్ తర్వాత ఈ సైజు రావాలి' అని పైపుకే కట్టి పంపుతాను. మీకు రాయగడ నుంచి పార్వతీపురం, బొబ్బిలి మీదుగా విజయనగరం రైలు ఉంది కాబట్టి పైపులు మీరే చేత్తో పట్టుకెళ్లండి, పార్సిల్‌లో వంగితే ఎవరినీ అడగలేరు.

ఇంకో రెండు సంగతులు చూడండి. ఒకటి, బండిని ఇంజిన్ కింద దిమ్మ పెట్టి లేపి, రెండు బాటమ్‌లనూ చేత్తో పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపండి. పైపు మీద బాటమ్ గడగడ ఆడుతుంటే అక్కడ అరుగుదల ఉంది, సీల్ ఎంత కొత్తదైనా ఒక పక్కకు నలిగి కారుతుంది. రెండోది, మీ మెకానిక్ ఆయిల్ ఎంత పోస్తున్నాడో అడగండి. 'ఒక యాభై ఎక్కువ పోశానండీ, గట్టిగా ఉంటుంది' అనే అలవాటు చాలామందికి ఉంది. ఫోర్క్ లోపల ఆయిల్ పైన ఉండే గాలి కూడా స్ప్రింగే. ఆ గాలి చోటు సగానికి నలిగితే ఒత్తిడి దాదాపు రెట్టింపవుతుంది, ఆయిల్ ఎక్కువైన కొద్దీ ఆ ఒత్తిడి ఇంకా పెరిగి బయటకు తన్నేది సీల్‌నే.

సీల్ వేసేటప్పుడు స్ప్రింగ్ రింగ్ కనబడే పక్క ఆయిల్ వైపు, అంటే కిందకు ఉండాలి. పైపు పై అంచుకు పలచటి ప్లాస్టిక్ కాగితం చుట్టి, సీల్ పెదవికి ఫోర్క్ ఆయిల్ రాసి దించాలి. కొట్టడానికి స్క్రూడ్రైవర్, సుత్తి పనికిరావు, సీల్ అంచు మీద సరిగ్గా కూర్చునే పీవీసీ పైపు ముక్కతో చుట్టూ సమంగా దించి, లాక్ రింగ్ గాడిలో పూర్తిగా పడిందో లేదో కళ్లతో చూడండి.

ప్రశ్న: అన్నా, మాది 1992 బుల్లెట్. ఆల్లాపల్లి రోడ్డు మీద పోతుంటే ముందు ఫోర్క్ మొత్తం దిగి ఠక్కున కొడుతుండె. ఒక షాపులో చూపిస్తే స్ప్రింగుల మీద ఇనుప పైపు ముక్కలు వేసి, లోపల ఇంజిన్ ఆయిల్ పోసిండ్రు. ఇప్పుడు దిగుడు తగ్గింది గాని చిన్న చిన్న గుంతలల్ల కూడా చేతులు జివ్వుమంటున్నయి. ఇద్దరం, వెనుక మిర్చి బస్తాతో పోతుంటం. గట్టి స్ప్రింగులు వేయమంటరా? – సిరోంచ

జవాబు: తమ్ముడూ, మీ బండికి రెండు పనులు ఒకేసారి తప్పుగా జరిగాయి, ముందు వాటిని వెనక్కి తీయించండి. స్ప్రింగుల మాట ఆ తర్వాత.

పైపు ముక్క వేస్తే స్ప్రింగ్ గట్టిపడుతుందని అందరూ అనుకుంటారు. స్ప్రింగ్ గట్టితనం దాని తీగ మందం, చుట్ట వెడల్పు, చుట్టల సంఖ్య, వీటిమీదే ఉంటుంది. పైన ముక్క పెడితే స్ప్రింగ్ ముందే నలిగి కూర్చుంటుంది, అంతే. దానివల్ల బండి ముందు భాగం ఎత్తుగా నిలబడుతుంది, మొదటి చిన్న కుదుపుకు ఫోర్క్ కదలడానికే మొరాయిస్తుంది, కానీ పెద్ద గుంతలో పడ్డప్పుడు ఒక్కో మిల్లీమీటరుకు అది ఇచ్చే ఎదురు పెరగదు. మీ చేతులు జివ్వుమనడానికి సగం కారణం ఇదే.

మిగతా సగం ఇంజిన్ ఆయిల్. 20డబ్ల్యూ-50 ఇంజిన్ ఆయిల్ 40 డిగ్రీల వేడి దగ్గర మామూలు 10డబ్ల్యూ ఫోర్క్ ఆయిల్ కంటే మూడు నాలుగు రెట్లు చిక్కగా ఉంటుంది. ఫోర్క్ ఎప్పుడూ ఇంజిన్ అంత వేడెక్కదు కదా, కాబట్టి ఆ చిక్కదనం తగ్గే అవకాశమే రాదు. గుంత మీద చక్రం వేగంగా పైకి లేవాలి, చిక్కటి ఆయిల్ సన్నటి రంధ్రాల్లోంచి అంత త్వరగా పోలేదు, ఫోర్క్ కర్రలా నిలబడిపోతుంది. పైగా ఒక గుంత తర్వాత ఫోర్క్ తిరిగి సాగేలోపే రెండో గుంత వస్తుంది, మూడోది వస్తుంది, అలా దిగుతూ దిగుతూ కిందే ఉండిపోతుంది. వరస గుంతల్లో కాసేపటికి మళ్లీ ఠక్కుమని కొడుతుందేమో గమనించండి, చాలా బళ్లలో అదే జరుగుతుంది.

ఇప్పుడు చేయాల్సిన పని. పాత ఆయిల్ మొత్తం వంచి, లోపల కిరోసిన్‌తో రెండుసార్లు కడిగి ఆరబెట్టండి. అడుగున బూడిద రంగు బురద వస్తుంది, భయపడకండి, అది ఏళ్ల తరబడి అరిగిన లోహం పొడి. ఆ బురద పోయాకే ఫోర్క్ అసలు ఎలా పనిచేస్తుందో తెలుస్తుంది. స్ప్రింగులు రెండూ పక్కపక్కన బల్ల మీద నిలబెట్టి పొడవు కొలవండి, ఒకదానికొకటి తేడా ఉన్నా, మాన్యువల్‌లో ఇచ్చిన కనీస పొడవు కంటే తగ్గినా రెండూ కలిపి మార్చాలి. తర్వాత మంచి ఫోర్క్ ఆయిల్ మాన్యువల్ చెప్పిన కొలతకే, రెండు వైపులా మిల్లీలీటరు తేడా లేకుండా కొలగ్లాసుతో పోయండి.

ఆ తర్వాత ఒక టేపు, ఒక పెన్సిలు, సాయానికి ఒక మనిషి చాలు. ముందు చక్రం గాల్లో ఉన్నప్పుడు ఇరుసు నుంచి హెడ్‌లైట్ గిన్నె కింది అంచు దాకా కొలవండి. తర్వాత మీ ఇద్దరూ, బస్తాతో సహా, మామూలుగా ఎక్కి కూర్చుని కొలవండి. మొదటి అంకెలోంచి రెండోది తీసేస్తే బండి ఎంత దిగిందో వస్తుంది. 130 మి.మీ. కదలిక ఉన్న ఫోర్క్ అయితే ఈ దిగుడు అందులో నాలుగో వంతు నుంచి మూడో వంతు, అంటే సుమారు 33 నుంచి 43 మి.మీ. మధ్య ఉంటే బాగుంటుంది. శుభ్రంగా సర్వీసు చేశాక కూడా 55, 60 దిగుతోందంటే అప్పుడు మీరన్న గట్టి స్ప్రింగులు న్యాయమే.

గట్టి స్ప్రింగు దొరకకపోతే చుట్టలు కోయించే పద్ధతి ఒకటుంది. ఇది తప్పుడు పని అని చాలామంది అంటారు, నేను ఒప్పుకోను, లెక్క తెలిసి చేస్తే ఇది పనిచేస్తుంది. స్ప్రింగులో పనిచేసే చుట్టలు 60 ఉన్నాయనుకుందాం. 6 కోస్తే 54 మిగులుతాయి, అరవైని యాభై నాలుగుతో భాగిస్తే గట్టితనం సుమారు 11 శాతం పెరుగుతుంది. కోసిన మేర పొడవును పైన పీవీసీ లేదా అల్యూమినియం ముక్కతో పూరించాలి, ముక్కకూ స్ప్రింగుకూ మధ్య ఒక వాషర్ ఉండాలి. కోత గ్యాస్ మంటతో చేస్తే స్ప్రింగు పదును పోతుంది, సన్నటి కటింగ్ చక్రంతో, నీళ్లు చల్లుతూ కోయాలి. చుట్టలు తగ్గితే స్ప్రింగు పూర్తిగా అణిగే హద్దు కూడా మారుతుంది కాబట్టి పదో వంతు కంటే ఎక్కువ కోయవద్దు.

మిర్చి బస్తా మాత్రం ఇరుసు వెనక్కి వేలాడకుండా సీటు మీదకు జరిపి కట్టండి. వెనక బరువు ఎక్కువైతే ముందు చక్రం తేలిపోయి హ్యాండిల్ వణుకుతుంది, దానికి ఫోర్క్‌లో ఏం చేసినా మందు లేదు.

ప్రశ్న: సార్, నాది 1994 ఆర్‌ఎక్స్ 100, మా మేనమామ ఇచ్చాడు. గోపాల్‌పూర్ రోడ్డు మీద కాస్త స్పీడుగా వెళ్లి బ్రేక్ కొడితే ముక్కు నేలకు వంగిపోతుంది, టెన్షన్‌గా ఉంటోంది. ఫ్రెండ్స్ ఇద్దరు కొత్త బండి ఫోర్క్ మొత్తం, డిస్క్ బ్రేక్‌తో సహా, ఎక్కించుకోమంటున్నారు. వీడియోల్లో ఫోర్క్ ఎమ్యులేటర్ అని కూడా చూశాను. ఏది మంచిది? – బరంపురం

జవాబు: మీ ఉత్తరంలో ఫోర్క్ ఆయిల్ ఆఖరిసారి ఎప్పుడు మార్చారో లేదు. మేనమామ దగ్గర ఉన్నప్పుడు మార్చారా? పాతికేళ్ల పైబడిన బండికి ఆ ప్రశ్నకు జవాబు దొరకకపోతే అసలు మార్చలేదనే అనుకుని పని మొదలుపెట్టండి. పైన సిరోంచ తమ్ముడికి చెప్పిన కడుగుడు, స్ప్రింగు కొలత, కొత్త ఆయిల్, ఇవి మీ బండికి కూడా మొదటి మెట్టు. ఇది చేశాక ముక్కు వంగడం సగానికి సగం తగ్గిన బళ్లు నేను చాలా చూశాను, అందుకే అప్‌గ్రేడ్ మాట ఎవరెత్తినా ముందు సర్వీసు చేయించి, నెల రోజులు నడిపి, అప్పుడు రాయమంటాను.

అయినా మీరు అడిగింది మంచి ప్రశ్న, కాస్త వివరంగా చెప్తాను. ఆయిల్‌తో అదుపయ్యే టెలిస్కోపిక్ ఫోర్క్‌ను మొదట మార్కెట్‌కు వచ్చిన బండిలో పెట్టింది జర్మనీ కంపెనీ బీఎండబ్ల్యూ, 1935లో. మీ బండిలోనూ, ఆ కాలపు చాలా బళ్లలోనూ ఉన్నది డ్యాంపర్ రాడ్ రకం. లోపల ఒక బోలు కడ్డీ, దానికి కొన్ని రంధ్రాలు, ఫోర్క్ దిగినా లేచినా ఆయిల్ ఆ రంధ్రాల్లోంచి పోవాలి. రంధ్రం సైజు మారదు. ఇక్కడే చిక్కంతా. స్థిరమైన రంధ్రంలో ఆయిల్ ఇచ్చే ఎదురు వేగం రెట్టింపైతే నాలుగింతలవుతుంది. బ్రేక్ వేసినప్పుడు ఫోర్క్ నెమ్మదిగా దిగుతుంది, కాబట్టి ఎదురు దాదాపు ఉండదు, ముక్కు వంగుతుంది. గుంత అంచు తగిలినప్పుడు వేగంగా దిగాలి, అప్పుడు ఎదురు విపరీతంగా పెరిగి చేతికి దెబ్బ తగులుతుంది. ఆయిల్ చిక్కగా పోస్తే మొదటిది కొంచెం బాగుపడి రెండోది పాడవుతుంది, పలచగా పోస్తే అటుది ఇటు.

ఎమ్యులేటర్ అనేది ఈ చిక్కు కోసం వచ్చిందే. డ్యాంపర్ రాడ్ తల మీద, స్ప్రింగు కింద కూర్చునే చిన్న వాల్వు అది. నెమ్మది కదలికలో మూసుకుని ఎదురిస్తుంది, గట్టి దెబ్బ వచ్చినప్పుడు దాని చిన్న స్ప్రింగు లొంగి దారి విడుస్తుంది. అది పని చేయాలంటే రాడ్‌లో కిందికి దిగేటప్పుడు వాడే పాత రంధ్రాలు ఇక ఎదురు ఇవ్వకూడదు, అందుకని వాటిని పెద్దవి చేస్తారు, మామూలుగా 8 మి.మీ. రంధ్రాలు ఆరు ఉండేలా. పైవైపు ఉండే చిన్న రంధ్రాన్ని ముట్టుకోకూడదు, ఫోర్క్ తిరిగి సాగే వేగం దాని చేతిలో ఉంటుంది. ఆ సాగే వేగాన్ని ఆయిల్ చిక్కదనంతో సరిచేస్తారు, అందుకే ఎమ్యులేటర్ వేసినవాళ్లు సాధారణంగా 15 లేదా 20 రకం ఆయిల్ వాడతారు. వాల్వు ఎత్తు ఎంత ఉందో అంత మేర పైన ఉన్న ముక్కను తగ్గించాలి, మర్చిపోతే టాప్ నట్ (పైపు పైచివర మూత) బిగించలేక చెమటలు పడతాయి.

మీ ఆర్‌ఎక్స్ పైపు సన్నం. ఎమ్యులేటర్లు పైపు లోపలి కొలతను బట్టి వస్తాయి, కాబట్టి ఫోర్క్ విప్పి, పైపు లోపలి వ్యాసం, రాడ్ తల వ్యాసం రెండూ కొలవకుండా డబ్బు కట్టకండి. ఇంకోటి, రాడ్‌లో రంధ్రాలు పెద్దవి చేశాక వెనక్కి వెళ్లడం కుదరదు. పాత రాడ్‌లు భద్రంగా దాచి, వేరే జత దొరికితే వాటికి రంధ్రాలు వేయించండి. నూరు సీసీ బండికి, ఊళ్లో తిరిగే వేగానికి, నా లెక్కలో ఈ ఖర్చు దండగ. మీకు సరిపోయేది ఆయిల్ ఎత్తు సరిచేయడం. స్ప్రింగు తీసేసి, ఫోర్క్‌ను పూర్తిగా కిందకు దించి, పైపు పై అంచు నుంచి ఆయిల్ దాకా స్కేలుతో కొలవండి. మాన్యువల్ కొలత దగ్గర మొదలుపెట్టి, ఇంకా ఎక్కువ దిగుతోందనిపిస్తే ఆయిల్ మట్టాన్ని 10 మి.మీ. పెంచి చూడండి, అంటే ఈ కొలత 10 తగ్గాలి, అంతకంటే ఒక్కసారి పెంచవద్దు. ఆయిల్ డబ్బా మీద 10, 15 అనే అంకెలు కంపెనీకీ కంపెనీకీ ఒకలా ఉండవు, 40 డిగ్రీల దగ్గర చిక్కదనం అని వెనక సన్నక్షరాల్లో ఇచ్చే అంకె చూసి పోల్చండి.

ఇక కొత్త బండి ఫోర్క్ మొత్తం ఎక్కించడం. వద్దు తమ్ముడూ. డిస్క్ మీద మీ మోజు నాకు అర్థమవుతుంది, కానీ బలమైన బ్రేక్ ముక్కును ఇంకా ఎక్కువ వంచుతుంది, ఉన్న చిక్కు పెరుగుతుంది. ఫోర్క్ పొడవులో తేడా ఉంటే హ్యాండిల్ వాలు మారుతుంది. చక్రానికీ చక్రానికీ 1370 మి.మీ. దూరం ఉన్న బండిలో ముందు భాగం 10 మి.మీ. దిగితే వాలు సుమారు 0.4 డిగ్రీ నిటారవుతుంది, కొత్త ఫోర్క్ 40 మి.మీ. పొట్టిదైతే డిగ్రీన్నర పైమాటే, మలుపులో బండి తత్తరపడుతుంది. టీ రాడ్ (టీ మధ్యలో హ్యాండిల్ తిరిగే కడ్డీ) కుదరక లేత్ మీద అతికించి వెల్డింగ్ చేసిన బళ్లు బరంపురంలోనే చూశాను, ఆ వెల్డింగ్ ఊడితే హ్యాండిల్ చేతిలో ఉంటుంది, చక్రం ఉండదు. చట్టం సంగతి కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు మొదట పట్టుకునేది ఇలాంటి మార్పునే.

మీది సముద్రం దగ్గర ఊరు కాబట్టి ఒక చిన్న అలవాటు చేసుకోండి. గోపాల్‌పూర్ వెళ్లి వచ్చిన రోజు పైపులను మంచినీళ్ల గుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో ఆర్చి, వేలితో ఒక చుక్క ఫోర్క్ ఆయిల్ రాయండి. ఉప్పు గాలి క్రోమ్‌ను ఎర్రమట్టి కంటే తొందరగా తింటుంది.

ప్రశ్న: నమస్కారం సార్. మా నాన్నగారి 1973 బుల్లెట్ నా దగ్గర ఉంది. నేను టీచర్‌ని, ఆదివారాలు మాత్రం వంశధార వంతెన దాకా నడుపుతాను. ఫోర్కులు విప్పించాలంటే భయం, అసలు భాగాలు మార్చేస్తారేమోనని. వింటేజ్ రిజిస్ట్రేషన్ గురించి కూడా చెప్పండి. – గుణుపూర్

జవాబు: అమ్మా, మీ భయం న్యాయమైనదే. విప్పే ముందు ఫోర్కు నాలుగు వైపులా ఫోటోలు తీసుకోండి, తీసిన ప్రతి వాషర్ వరసలో పాత దినపత్రిక మీద పేర్చించండి, ఎడమవి ఎడమ, కుడివి కుడి. ఆదివారం నడిపే బండికి సీళ్లు, ఆయిల్, రాగి వాషర్లు, కోన్ సెట్‌కు (హ్యాండిల్ తిరిగే చోటి బాల్ బేరింగులు) కొత్త గ్రీజు, ఇంతే చాలు. రంగు కోసం బాటమ్‌లను బఫింగ్ చేస్తామంటే సీల్ కూర్చునే గూడు లోపలకు ఆ చక్రం పోనివ్వవద్దు. ఇనుప ముందు మడ్‌గార్డు తీసేసి తేలికైనది వేయమని ఎవరైనా చెబితే వినకండి, ఆ మడ్‌గార్డూ దాని కడ్డీలే రెండు బాటమ్‌లూ మెలి తిరగకుండా కలిపి పట్టుకుంటాయి. ఎమ్యులేటర్ లాంటివి మీ ఫోర్కుకు అసలు సరిపడవు, దాని లోపలి అమరిక వేరు.

వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనలు కేంద్రం 2021 జులైలో తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, చాసిస్, ఇంజిన్ వంటివి పెద్దగా మార్చని బండికి వర్తిస్తుంది. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, నంబరులో వీఏ అనే అక్షరాలు వస్తాయి. కానీ ఒక్కటి ఆలోచించుకోండి, వింటేజ్ కింద నమోదైన బండిని రోజూ రోడ్డు మీద మామూలుగా తిప్పడానికి వీల్లేదు, ప్రదర్శనలు, ర్యాలీలు, సర్వీసు, ఇంధనం లాంటి పనులకే. ఆదివారం వంశధార దాకా వెళ్లే ఆనందం మీకు ముఖ్యమైతే మామూలు ఆర్‌సీనే ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకుంటూ పోవడం మేలని నా అభిప్రాయం.

ప్రశ్న: అన్నగారూ, సుంకి ఘాట్‌లో బండి జారి పడ్డాను. నాకు గీతలే, బండికీ పెద్ద దెబ్బ లేదు, కానీ హ్యాండిల్ నేరుగా పట్టుకుంటే చక్రం ఎడమకు చూస్తోంది. ఫోర్క్ వంగిందా? మెకానిక్ గ్యాస్‌తో వేడిచేసి సాపు చేస్తానంటున్నాడు. – జయపురం

జవాబు: మీకేం కాలేదు, సంతోషం. గ్యాస్ మాట మాత్రం అక్కడే ఆపేయండి. వేడి చేస్తే పైపు పదునూ పోతుంది, క్రోమూ పోతుంది. ఆ బండి మీద మళ్లీ అదే ఘాట్ దిగాలి మీరు.

చాలాసార్లు ఇలాంటి పడుడులో పైపులు వంగవు, టీలో మెలి తిరిగి ఉంటాయి. బండి నిలబెట్టి, కింది టీ బోల్టులు, పై నట్లు, ఇరుసు, మడ్‌గార్డు బోల్టులు అన్నీ వదులు చేయండి, ఊడదీయకుండా. ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య బిగించి పట్టుకుని హ్యాండిల్‌ను ఎడమకు గట్టిగా ఒకసారి తిప్పండి. చక్రం నేరుగా వస్తే సగం పని అయినట్టే. తర్వాత రెండు పైపుల మీదుగా, పై టీ కింద, ఒక అద్దం ముక్కను అడ్డంగా ఆనించండి. నాలుగు చోట్లా ఆనితే పైపులు సమాంతరంగా ఉన్నట్టు, ఒక మూల ఊగితే ఇంకా మెలి ఉంది.

అద్దం ఎంతకీ కుదరకపోతే పైపులు విప్పాల్సిందే. టాప్ నట్‌ను టీ బోల్టులు వదులు చేయకముందే కదిలించుకోండి, లేకపోతే పైపు కూడా తిరిగిపోతుంది. ఆ నట్ కింద స్ప్రింగు తోస్తూ ఉంటుంది, చివరి మరలో అరచేతితో నొక్కి పట్టుకుని తీయండి, మొహం పైన పెట్టకండి. కింద అలెన్ బోల్టు తిప్పితే లోపలి రాడ్ కూడా తిరుగుతుంటే, ఒక గట్టి కర్ర చివర కూసుగా చెక్కి పై నుంచి రాడ్ తలలోకి కొట్టి పట్టుకోండి, ఆగుతుంది. పైపును పెద్ద అద్దం మీద దొర్లిస్తే వంపు కంటికే కనిపిస్తుంది. సరిగ్గా తెలియాలంటే లేత్ షాపులో వి-బ్లాకుల మీద పెట్టి డయల్ గేజ్‌తో చూపించండి. చాలా మాన్యువళ్లలో 0.2 మి.మీ. దాకా హద్దు ఇస్తారు. ఒకటి రెండు మిల్లీమీటర్ల సాఫీ వంపు ఉంటే చల్లగానే ప్రెస్ మీద తీయవచ్చు. ముడత పడినా, క్రోమ్ వెంట్రుకంత పగిలినా ఆ పైపును మళ్లీ బండికి వేయకండి.

కోన్ సెట్ కూడా చూపించండి. పడినప్పుడు బాల్స్ గిన్నెలో గుంటలు చేస్తాయి, హ్యాండిల్ మధ్యలోకి రాగానే టక్కుమని ఆగినట్టుంటే అదే. ముందు బ్రేక్ పట్టుకుని బండిని ముందుకు తోస్తూ, ఫ్రేమ్ హెడ్ (కోన్ సెట్ ఉండే గొట్టం) అడుగున కింది టీ చేరే చోట వేలు పెట్టండి. వేలికి టకటక తెలిస్తే ఆట కోన్‌లో ఉంది, ఫోర్క్‌లో కాదు.

మళ్లీ బిగించేటప్పుడు వరస ముఖ్యం. ముందు ఇరుసు నట్ బిగించండి, కానీ ఇరుసును పట్టుకునే బాటమ్ క్లాంపు వదులుగానే ఉంచండి. బండిని నేల మీదకు దించి, బ్రేక్ పట్టి, ఫోర్క్‌ను పదిసార్లు గట్టిగా కిందకు నొక్కండి. బాటమ్ తన చోటు తాను చూసుకుంటుంది. అప్పుడు క్లాంపు, తర్వాత మడ్‌గార్డు, ఆ తర్వాత కింది టీ, ఆఖరున పైది. మొదటి రోజు ఘాట్ వైపు వెళ్లకుండా ఊళ్లో పది కిలోమీటర్లు తిప్పి, తిరిగొచ్చాక అన్ని బోల్టులూ ఇంకోసారి స్పానర్ వేసి చూడండి.